స్టీవార్డుల తీర్పులు, డ్రైవర్ల పోటీలు: రేసు ఆదివారాల్లో మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఫార్ములా వన్ చూసేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు. యూరప్ రేసులు చాలావరకు మనకి ఆదివారం సాయంత్రం ఆరున్నరకి మొదలవుతాయి కాబట్టి నలుగురూ ఒకచోట చేరి చూడటం కుదురుతుంది. రేసు ఎనిమిదింటికి అయిపోతుంది. పెనాల్టీ మీద వాదన మాత్రం మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టు కట్టేసేదాకా నడుస్తుంది. ఆ వాదనల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలే ఇవి. నేను బ్రిటిష్ డ్రైవర్ లూయిస్ హామిల్టన్ అభిమానిని. నా జవాబులు చదివేటప్పుడు ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

స్టీవార్డులు అంటే ఎవరు? రేస్ డైరెక్టర్ కూడా వాళ్ళలో ఒకడేనా?

కాదు. సగం గొడవలు ఈ ఇద్దరినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తాయి. రేసుని నడిపేది రేస్ డైరెక్టర్. ప్రమాదమప్పుడు అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు ఎప్పుడు రావాలి, రేసు ఆపే ఎర్ర జెండా ఎప్పుడు ఎగరాలి, రేసు మళ్ళీ ఎప్పుడు మొదలవ్వాలి అన్నది ఆయన చేతిలో ఉంటుంది. ఏదైనా తప్పు కనిపిస్తే స్టీవార్డులకి చెప్తాడు. శిక్ష వెయ్యడం ఆయన పని కాదు.

శిక్ష వేసేది స్టీవార్డులు. సాధారణంగా నలుగురు కూర్చుంటారు. ఎక్కువమందిని ఎఫ్‌ఐఏ (ఈ క్రీడని చూసుకునే అంతర్జాతీయ సంస్థ) పంపుతుంది, ఒకరు రేసు జరిగే దేశపు మోటార్ స్పోర్ట్ సంఘం తరఫున వస్తారు. 2010 నుంచి వాళ్ళలో ఒక మాజీ రేసింగ్ డ్రైవర్ కూడా ఉంటున్నాడు. స్టీరింగ్ పట్టినవాడికి తెలిసేది పుస్తకం చదివినవాడికి తెలియదని ఆ ఏర్పాటు చేశారు. మంచి పనే చేశారు.

ప్రతి రేసుకీ స్టీవార్డులు మారతారు కదా. అందుకేనా ఒకే తప్పుకి ఒక్కోసారి ఒక్కో శిక్ష?

అదొక పెద్ద కారణం. 2019లో మూడు వారాల తేడాతో జరిగిన రెండు రేసులు చూడండి. జూన్ 9న కెనడాలో వెటెల్ గడ్డిలోకి జారి తిరిగి ట్రాక్ మీదికి వచ్చే క్రమంలో హామిల్టన్‌ని గోడవైపు నెట్టేలా వచ్చాడని 5 సెకన్లు వేశారు, అంటే అతని రేసు సమయానికి అంత కలిపారు. వెటెల్ ముందుగా గీత దాటినా గెలుపు హామిల్టన్‌కి వెళ్ళిపోయింది. వెటెల్ కోపంతో కార్ల ముందు పెట్టిన 1, 2 నంబర్ల బోర్డులు తీసి తారుమారు చేశాడు. జూన్ 30న ఆస్ట్రియాలో వెర్‌స్టాపెన్, లెక్లెర్ చక్రాలు తగిలాయి, లెక్లెర్ ట్రాక్ బయటికి పోయాడు, వెర్‌స్టాపెన్ గెలిచాడు. దానికి శిక్ష లేదు. రెండు సంఘటనలూ ఒకలాంటివి కావు, నిజమే. కానీ వెటెల్, లెక్లెర్ ఇద్దరూ అప్పుడు ఫెరారీ డ్రైవర్లే. ఒకరోజు 5 సెకన్లు, ఇంకోరోజు సున్నా అంటే ఫెరారీ అభిమాని కడుపు మండదా మరి?

మారని స్టీవార్డుల బృందం కావాలని డ్రైవర్లు ఏళ్ళుగా అడుగుతున్నారు. నేను వాళ్ళ పక్షమే. కోట్ల డాలర్ల ఆటలో న్యాయం చెప్పేవాళ్ళు అదే వృత్తిగా బతికేవాళ్ళు కాకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

ఇద్దరు గుద్దుకుంటే తప్పెవరిదో ఎలా తేలుస్తారు?

దీనికి రాతపూర్వకమైన మార్గదర్శకాలు ఉన్నాయి. చాలాకాలం అవి టీములకీ డ్రైవర్లకీ మాత్రమే తెలుసు. 2025 జూన్‌లో ఎఫ్‌ఐఏ వాటిని అందరి ముందూ పెట్టింది. సారాంశం ఇది: లోపలివైపు నుంచి దాటాలనుకునేవాడి కారు ముందు చక్రాలు, మలుపులో అన్నిటికన్నా లోపలి బిందువు దగ్గరికి వచ్చేసరికి, అవతలి కారు అద్దం దాకానైనా చేరి ఉండాలి. బయటివైపు నుంచి దాటేవాడైతే అంతకన్నా ఎక్కువ కావాలి, తన ముందు చక్రాలు అవతలివాడి ముందు చక్రాలకన్నా ముందుండాలి. అప్పుడే అవతలివాడు చోటు వదలాలి. రెండు సందర్భాల్లోనూ కారు అదుపులో ఉండాలి, ట్రాక్ మీదే నిలవాలి.

చదవడానికి తేలిక. చూసి తేల్చడం తేలిక కాదు. విజయనగరం దగ్గర కొండవెలగాడ ఊరి వెయిట్‌లిఫ్టర్లని అడగండి, వాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. బార్ తలపైకి లేచాక మోచెయ్యి రవ్వంత వంగి మళ్ళీ నిటారైతే ఆ లిఫ్టు చెల్లదు. ముగ్గురు రిఫరీలు మూడు చోట్ల కూర్చుంటారు. ఎదురుగా ఉన్నాయన తెల్ల లైటు వేస్తాడు, పక్కనున్నాయన ఎర్ర లైటు వేస్తాడు. ఇద్దరూ నిజాయితీపరులే. ఎత్తినవాడికైతే తన మోచెయ్యి వంగినట్టే తెలియదు, ఒట్టేసి చెప్తాడు. స్టీవార్డుల గదిలోనూ అంతే, చివరికి ఎక్కువమంది మాటే నెగ్గుతుంది.

ఈ మార్గదర్శకాల్లో ఒక లోపం ఉంది. మలుపు బిందువు దగ్గర ముందుంటే చాలు అన్నప్పుడు, తెలివైన డ్రైవర్ బ్రేకు ఆలస్యంగా వేసి ఎలాగోలా అక్కడ ముందుంటాడు. ఆ తర్వాత కారు బయటికి పోయినా పక్కవాడిని కూడా తీసుకునే పోతుంది. 2024లో అమెరికాలోని ఆస్టిన్‌లో వెర్‌స్టాపెన్‌తో పోటీపడుతూ నోరిస్‌కి జరిగింది ఇదే. మనకి అప్పటికి సోమవారం తెల్లవారుజాము. 12వ మలుపులో ఇద్దరూ గీత దాటారు, 5 సెకన్లు నోరిస్‌కి ఒక్కడికే పడ్డాయి. కాగితం ప్రకారం తీర్పు సరైనదే. కాగితమే సరిగ్గా లేదు. మరుసటి వారం మెక్సికోలో అదే వెర్‌స్టాపెన్‌కి నోరిస్ విషయంలోనే రెండుసార్లు 10 సెకన్లు వేశారు.

గుద్దినవాడు రేసు గెలిచాడు, దెబ్బ తిన్నవాడు ఆసుపత్రికి వెళ్ళాడు. ఇదేటి న్యాయం?

2021లో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రేసు గురించి ఈ ప్రశ్న అడగని వెర్‌స్టాపెన్ అభిమాని నాకు ఇంతవరకు తగల్లేదు. మొదటి ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక తిప్పు), కాప్స్ అనే మలుపు. హామిల్టన్ ముందు చక్రం వెర్‌స్టాపెన్ వెనక చక్రానికి తగిలింది. వెర్‌స్టాపెన్ 51జీ (భూమ్యాకర్షణకి 51 రెట్లు) దెబ్బతో టైర్ల గోడకి కొట్టుకున్నాడు, పరీక్షల కోసం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తప్పు ఎక్కువ హామిల్టన్‌దేనని స్టీవార్డులు 10 సెకన్లు వేశారు. అతను ఆ 10 సెకన్లూ పిట్‌లో (టైర్లు మార్చే చోట) నిలబడి, తర్వాత లెక్లెర్‌ని దాటి గెలిచాడు. కప్పు పోటీలో వెర్‌స్టాపెన్‌కి ఉన్న 33 పాయింట్ల ఆధిక్యం ఒక్క మధ్యాహ్నంలో 8కి పడిపోయింది.

స్టీవార్డులు చూసేది చేసిన తప్పుని. దాని వల్ల ఎవరికి ఎంత నష్టం వచ్చిందో సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అదే తప్పు నెమ్మది మలుపులో జరిగితే రెక్క ముక్క విరిగేది అంతే. ఫలితాన్ని బట్టి శిక్ష వెయ్యడం మొదలుపెడితే గోడ దగ్గరుందా దూరముందా అన్నదాన్ని బట్టి నేరం మారిపోతుంది. కాబట్టి సూత్రం సరైనదని నా నమ్మకం. కానీ హామిల్టన్ అభిమానిగానే చెప్తున్నాను, అంత వేగవంతమైన మలుపులో అలాంటి తప్పుకి 10 సెకన్లు తక్కువే. వేగమే అక్కడ తప్పు బరువుని పెంచుతుంది.

2021 అబుదాబీలో అసలు ఏం జరిగింది? ఒక్కసారి వరసగా చెప్పండి.

చెప్తాను, ఎందుకంటే గుర్తున్నంతవరకే గుర్తుపెట్టుకుని మాట్లాడేవాళ్ళు ఎక్కువైపోయారు.

డిసెంబరు 12. ఆ ఏడాది ఆఖరి రేసు. హామిల్టన్‌కీ వెర్‌స్టాపెన్‌కీ ఇద్దరికీ సరిగ్గా 369.5 పాయింట్లు. ఆ అర పాయింటు బెల్జియం వానలో వచ్చింది, అక్కడ సేఫ్టీ కారు వెనక కొన్ని తిప్పులు తిప్పి సగం పాయింట్లు పంచారు. అబుదాబీ రేసు 58 ల్యాపులు. హామిల్టన్ హాయిగా ముందున్నాడు. 53వ ల్యాపులో లతీఫీ గోడకి కొట్టాడు, సేఫ్టీ కారు వచ్చింది. వెర్‌స్టాపెన్ పిట్‌లోకి వెళ్ళి కొత్త సాఫ్ట్ టైర్లు (ఎక్కువ పట్టున్నవి) వేయించుకున్నాడు. హామిల్టన్ బాగా అరిగిన హార్డ్ టైర్ల మీదే ఉండిపోయాడు, ఎందుకంటే అతను ఆగితే ముందున్న చోటు పోతుంది.

ఇద్దరి మధ్యా ఒక ల్యాపు వెనకబడ్డ ఐదు కార్లు ఉన్నాయి. అలాంటివి మొత్తం ఎనిమిది. మొదట రేస్ డైరెక్టర్ మైకేల్ మాసీ ఎవరూ ముందుకి వెళ్ళకూడదన్నాడు. తర్వాత ఆ ఐదు కార్లని మాత్రమే ముందుకి పంపాడు. మిగతా మూడు అక్కడే ఉండిపోయాయి. నిబంధన ప్రకారం అలా పంపాక సేఫ్టీ కారు తర్వాతి ల్యాపు చివర పక్కకి రావాలి. అదే ల్యాపు చివర వచ్చేసింది. ఒక్క ల్యాపు మిగిలింది. కొత్త టైర్లు, పాత టైర్లు. ఆ ల్యాపులో ఏం జరగాలో అదే జరిగింది, వెర్‌స్టాపెన్ హామిల్టన్‌ని దాటి కప్పు గెలిచాడు.

మన వాదనల్లో ఎవరూ తలుచుకోని మూడోవాడు ఒకడున్నాడు, వెర్‌స్టాపెన్ వెనక మూడో స్థానంలో ఉన్న సైన్జ్. వెర్‌స్టాపెన్‌కి దారి శుభ్రం చేశారు. సైన్జ్‌కీ వెర్‌స్టాపెన్‌కీ మధ్య ఉన్న వెనకబడ్డ కార్లని మాత్రం కదపలేదు. నిబంధన ఇద్దరి కోసం పనిచేసి మూడోవాడికి పనిచెయ్యలేదు. జరిగింది హామిల్టన్ ఒక్కడి అన్యాయం కాదనడానికి నాకు ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

హామిల్టన్ టీము మెర్సిడెస్ చేసిన ఫిర్యాదుని స్టీవార్డులు కొట్టేశారు. సేఫ్టీ కారు మీద రేస్ డైరెక్టర్‌కి పూర్తి అధికారం ఉందన్నారు. మెర్సిడెస్ అప్పీలుకి వెళ్తామని చెప్పి తర్వాత వెనక్కి తగ్గింది. 2022 ఫిబ్రవరిలో మాసీని తప్పించారు. మార్చిలో వచ్చిన ఎఫ్‌ఐఏ నివేదిక అది మానవ తప్పిదమని ఒప్పుకుంటూనే ఫలితం మారదని చెప్పింది. నిబంధనని తిరగరాశారు.

నా అభిప్రాయం అడిగితే ఎర్ర జెండా ఊపాల్సింది. అదే ఏడాది జూన్‌లో అజర్‌బైజాన్‌లోని బాకూలో అలాగే చేసి రెండు ల్యాపుల రేసు పెట్టారు. ఎర్ర జెండాలో అందరూ టైర్లు మార్చుకోవచ్చు. ప్రేక్షకులకి కావలసిన ముగింపూ దొరికేది, ఎవరి నోరూ కొట్టినట్టూ అయ్యేది కాదు.

అయితే వెర్‌స్టాపెన్‌ది దొంగ కప్పేనా?

కాదు. ఈ మాట మా గుంపులో నా పక్కవాళ్ళకే నచ్చదు. ఆ ఏడాది వెర్‌స్టాపెన్ 10 రేసులు గెలిచాడు, హామిల్టన్ 8. బాకూలో ముందున్నప్పుడు టైరు పేలి వెర్‌స్టాపెన్ పాయింట్లు పోయాయి, హంగరీలో బొట్టాస్ చేసిన గుద్దుడుకి అతని కారు పాడైంది. అలాగని అతను మచ్చలేనివాడేం కాదు. సౌదీలోని జెడ్డాలో హామిల్టన్ ముందు హఠాత్తుగా బ్రేకు వేశాడు. స్టీవార్డుల కాగితంలో ఆ బ్రేకు ఒత్తిడి 69 బార్ అనీ, కారు 2.4జీతో వేగం తగ్గిందనీ రాసుంది. 10 సెకన్లు వేసినా రెండో స్థానం రెండో స్థానంలాగే ఉండిపోయింది.

తప్పు చేసింది రేసు నడిపినవాళ్ళు. వాళ్ళు ఇచ్చిన ఒక్క ల్యాపుని వెర్‌స్టాపెన్ వాడుకున్నాడు. అతని స్థానంలో ఏ డ్రైవరైనా చేసేది అదే.

స్టీవార్డులు బ్రిటిష్ డ్రైవర్ల పక్షమంటారు, నిజమేనా?

2024 చివర్లో నెదర్లాండ్స్‌కి చెందిన వెర్‌స్టాపెన్ తన పాస్‌పోర్టే తప్పు అన్నట్టు మాట్లాడాక ఈ ప్రశ్న ఎక్కువైంది. మెక్సికోలో ఆ 20 సెకన్లు వేసిన బృందంలో మాజీ డ్రైవర్ జానీ హెర్బర్ట్ ఉన్నాడు, అతను బ్రిటిష్‌వాడు. ఆ తర్వాత బయట ఆ సంగతుల మీద మాట్లాడాడు కూడా. 2025 జనవరిలో అతన్ని స్టీవార్డుగా తప్పించారు, మీడియా పనీ ఈ పనీ కలవవని. అదే ఏడాది కెనడాలో డెరెక్ వారిక్‌ని మీడియాతో మాట్లాడినందుకు ఆ వారాంతానికి పక్కన పెట్టారు.

తీర్పు చెప్పినవాడు బయటికొచ్చి దాని మీద కబుర్లు చెప్తే అనుమానం పుట్టక మానదు. ఆ విషయంలో వెర్‌స్టాపెన్ అభిమానులకి కోపం రావడం సబబే. కానీ తీర్పులో పక్షపాతం ఉందనడానికి ఆ ఒక్కటీ చాలదు. అదే మెక్సికోకి ముందు వారం 5 సెకన్లు పడింది బ్రిటిష్ నోరిస్‌కే కదా.

సెన్నా, ప్రోస్ట్ రోజుల్లో ఇంతకన్నా న్యాయం ఉండేదా?

లేదు. ఇంకా ఘోరం. 1989లో జపాన్‌లోని సుజుకాలో ఒకే టీములో ఉన్న ఇద్దరూ షికేన్ (వేగం తగ్గించే వంకర మలుపులు) దగ్గర గుద్దుకున్నారు. ప్రోస్ట్ దిగిపోయాడు. సెన్నాని మార్షల్స్ తోస్తే పక్కదారిన మళ్ళీ వచ్చి రేసు ముందుగా ముగించాడు. షికేన్ తప్పించాడని అనర్హుడిని చేశారు, కప్పు ప్రోస్ట్‌కి వెళ్ళింది. అప్పీలుకి వెళ్తే సెన్నాకి లక్ష డాలర్ల జరిమానా అదనంగా తగిలింది. మరుసటేడాది అదే సుజుకాలో పోల్ స్థానాన్ని (అందరికన్నా ముందు నిలిచే చోటుని) ట్రాక్ మురికివైపు నుంచి మార్చమని సెన్నా అడిగితే మార్చలేదు. మొదటి మలుపులోనే సెన్నా ఫెరారీలో ఉన్న ప్రోస్ట్‌ని గుద్దేశాడు, కప్పు తెచ్చుకున్నాడు. శిక్ష లేదు. కావాలనే చేశానని 1991లో తనే చెప్పాడు.

1997 హెరెజ్ కూడా చూడండి. షూమాకర్ విల్నెవ్ మీదికి కారు తిప్పాడు. ఆ రోజు స్టీవార్డులు మామూలు రేసింగ్ సంఘటనే అన్నారు. తర్వాత ఎఫ్‌ఐఏ అతన్ని ఆ ఏడాది పాయింట్ల పట్టికలోంచే తీసేసింది. ఇప్పుడు కనీసం ప్రతి తీర్పుకీ కారణం రాసిన కాగితం బయటికి వస్తోంది.

మన కార్తికేయన్‌కి 2012లో పడిన పెనాల్టీ సరైనదేనా?

నా లెక్కలో కాదు. మలేసియాలో వెటెల్ నాలుగో స్థానంలో వస్తూ, వెనకబడ్డ కార్తికేయన్‌ని దాటాడు. పూర్తిగా దాటకముందే లోపలికి వచ్చేశాడు. వెటెల్ వెనక టైరు కోసుకుపోయింది, 11వ స్థానంలో ముగించాడు. 20 సెకన్లు కార్తికేయన్‌కి పడ్డాయి. చిన్న టీము, చివరి కారు, ఎదురుగా ప్రపంచ చాంపియన్. నీలి జెండా చూసి దారి ఇవ్వాల్సింది కార్తికేయనే, అది నిబంధన. కానీ తొందరపడి లోపలికి తిరిగింది వెటెల్. పెద్ద పేర్ల కోసం గంటలకొద్దీ గొంతు చించుకునే మనం దీని గురించి ఎందుకు మాట్లాడమో నాకు బాధగా ఉంటుంది.

కారు బరువు కిలోన్నర తక్కువైతే గెలుపే తీసేస్తారా?

తీసేస్తారు. 2024 బెల్జియంలో రసెల్‌కి అదే జరిగింది. సాంకేతిక నిబంధనల్లో చర్చ లేదు, కొలత సరిపోతే సరి, లేకపోతే ఇంటికి. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసులో కూడా బ్యూమీ మూడోవాడిగా గీత దాటి, అనుమతించిన శక్తి కన్నా ఎక్కువ వాడినందుకు ఆ స్థానం పోగొట్టుకున్నాడు.

పెనాల్టీ పాయింట్లు ఎన్నయితే నిషేధం?

12 నెలల్లో 12. 2014లో మొదలైంది. ఆ లెక్కతో ఒక రేసు నిషేధం పడిన మొదటివాడు మాగ్నుసెన్, 2024లో బాకూ రేసుకి. అతని సీట్లో బేర్‌మన్ నడిపాడు.

తీర్పు తప్పైతే మార్చుకునే దారి ఉందా?

ఉంది, ఇరుకుగా. రేసులో వేసే 5, 10 సెకన్ల శిక్షల మీద అప్పీలు ఉండదు. పునఃపరిశీలన కోరవచ్చు. దానికి తీర్పు సమయంలో టీముకి అందుబాటులో లేని, విషయానికి సంబంధించిన, బరువున్న కొత్త ఆధారం చూపించాలి. 2023 జెడ్డాలో పోడియం దిగాక అలొన్సోకి 10 సెకన్లు వేసి మూడో స్థానం తీసేశారు, శిక్ష కోసం ఆగినప్పుడు జాకీ కారుకి తగిలిందని. అలా తగిలినా ఊరుకున్న పాత సందర్భాలు చూపించి ఆస్టన్ మార్టిన్ ఆ స్థానం వెనక్కి తెచ్చుకుంది. 2025లో జాండ్‌వూర్ట్ తర్వాత సైన్జ్ పెనాల్టీ పాయింట్లు కూడా ఇలాగే రద్దయ్యాయి. రేసులో అతను పోగొట్టుకున్న 10 సెకన్లు మాత్రం ఎవరు వెనక్కిస్తారు?

2025 కప్పు నోరిస్‌కి రావడంలో స్టీవార్డుల చెయ్యి ఉందా?

లెక్క చూద్దాం. నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రి 410. రెండు పాయింట్ల తేడా. జూన్ 1న బార్సిలోనాలో వెర్‌స్టాపెన్ కోపంతో రసెల్‌ని గుద్దాడు. 10 సెకన్లు పడ్డాయి. ఐదో స్థానం పదో స్థానమైంది, అంటే 10 పాయింట్లు ఒక పాయింటయ్యాయి. ఆ తొమ్మిది పాయింట్లు ఏ స్టీవార్డూ లాక్కోలేదు. పియాస్ట్రి అభిమానుల బాధ వేరు. బ్రెజిల్‌లో అతనికి వేసిన 10 సెకన్లు నాకూ కఠినంగానే అనిపించింది. ఆ గుద్దుడులో కారు పోగొట్టుకున్న లెక్లెరే తప్పంతా పియాస్ట్రిది కాదన్నాడు.

మా బావమరిదీ నేనూ ఒక పెనాల్టీ మీద మాటలు మానేశాం. ఏం చెయ్యాలి?

శ్రీకాకుళం నుంచి ఒకాయన నిజంగానే అడిగారు. ఒక పని చెయ్యండి. రేసయ్యాక ఎఫ్‌ఐఏ సైట్లో ఆ తీర్పు కాగితం తెరవండి. ఎక్కువగా ఒకటి రెండు పేజీలే ఉంటుంది. పైన కారు నంబరు, డ్రైవర్, టీము, సమయం. కింద ఏం జరిగింది, ఏ నిబంధన మీరారు, ఏ శిక్ష, చివర్లో కారణం. వీడియో చూశారా, కారు డేటా చూశారా, డ్రైవర్‌ని పిలిచి అడిగారా అన్నది కారణంలోనే తెలుస్తుంది. మొబైల్లో డ్రైవర్ పేరున్న గీత మీద వేలు పెట్టి మిగతాది ఇద్దరూ కలిసి చదవండి. పేరు కనిపించకుండా ఆ శిక్ష మీకు న్యాయంగా అనిపించిందో లేదో ముందు చెప్పుకోండి. మా దగ్గర ఇలా చదవడం మొదలుపెట్టాక కేకలు తగ్గాయి. అభిప్రాయాలు అలాగే ఉన్నాయి, కానీ ఇప్పుడు వాదన ఏడో మలుపులో ఎవరి చక్రం ఎక్కడుందన్న దాని మీద నడుస్తోంది.

మన జిల్లాల పిల్లలు ఈ పనిలోకి వెళ్ళగలరా?

వెళ్ళగలరు. మొదటి మెట్టు ట్రాక్ పక్కన జెండా పట్టే మార్షల్ పని. మన దేశంలో ఈ క్రీడని చూసుకునేది ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ. దగ్గర్లో ఉన్న ట్రాక్ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోది, ఇంకొకటి కోయంబత్తూరులో కారి స్పీడ్‌వే. విజయనగరంలో రైలెక్కితే మర్నాటికల్లా చెన్నైలో ఉంటారు. డిగ్రీ చదువుతూ శని, ఆదివారాలు ఖాళీ ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పకుండా ప్రయత్నించండి. ఎండలో నిలబడాలి, డబ్బు పెద్దగా రాదు, నీలి జెండా ఏ క్షణంలో ఎత్తాలో మాత్రం మనందరికన్నా మీకే బాగా తెలుస్తుంది.